పాము కాటు: తలరాతా, రూట్ కాజా?

2018 ఆగస్టులో దివిసీమ అంతా ఒకటే గోల - పాములు. అవనిగడ్డ, మోపిదేవి, కోడూరు, నాగాయలంక... జిల్లా పేజీ తిప్పితే చాలు, ఇవే ఊళ్ళు, ఇవే కాట్లు. చూస్తుండగానే పేపర్లలో లెక్క వంద దాటింది. చివరికి దేవాదాయ శాఖ వాళ్ళు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుళ్ళో ఆగస్టు 29న సర్పశాంతి యాగం తలపెట్టారు. అంతే, అప్పటిదాకా జిల్లా దాటని వార్త ఒక్కసారిగా దేశమంతా పాకింది! సగంమంది నవ్వారు. మిగతా సగంమంది నవ్వినవాళ్ళ మీద విరుచుకుపడ్డారు. ఈ గొడవలో అసలు సంగతి ఎవరికీ పట్టలేదు - ఇంతమందిని పాములు ఎందుకు కరిచాయి? వచ్చే ఏడు కరవకుండా ఏం చెయ్యాలి?

యాగం మీద నాకేం పేచీ లేదండీ. మోపిదేవి మాకు పరాయి గుడి కాదు. మా పామర్రు నుంచి కూచిపూడి, చల్లపల్లి దాటితే మోపిదేవే. మా వైపు వాళ్ళు పుట్టువెంట్రుకలకీ, చెవులు కుట్టించడానికీ అక్కడికే వెళ్తారు. నాగులచవితి నాడు పుట్టలో పాలు పొయ్యని ఇల్లు ఉండదు. మొక్కుకునేవాళ్ళు మొక్కుకుంటారు, అది వాళ్ళిష్టం. నా పేచీ అల్లా యాగంతో పని అయిపోయిందనుకోవడం మీద. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోతే రీస్టార్ట్ చేసి, "లేచింది కదా" అని టికెట్ మూసేస్తే మన మేనేజరు ఊరుకుంటాడా? రూట్ కాజ్ ఏదీ అని అడుగుతాడు. పాము కాటు విషయంలో ఆ ప్రశ్న అడిగేవాడే లేడు.

సరే, మనమే అడుగుదాం.

ముందు ఈ కాటు ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి పడుతోందో చూడాలి. దేశంలో పాము కాటు చావుల మీద గట్టి అంచనాలు మిలియన్ డెత్ స్టడీ నుంచి వచ్చాయి. ఇంటింటికీ వెళ్ళి, ఈ ఇంట్లో ఎవరు పోయారు, ఎలా పోయారు అని అడిగి లెక్కగట్టిన అధ్యయనం అది. 2011లో వచ్చిన మొదటి అంచనా ప్రకారం దేశంలో ఏడాదికి సుమారు 45,900 మంది పాము కాటుతో పోతున్నారు. ఇందులో ఉత్తరప్రదేశ్ తర్వాత రెండో స్థానం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది - ఏడాదికి దాదాపు 6,200 మంది. జనాభాతో భాగించి చూస్తే పెద్ద రాష్ట్రాల్లో మొదటి స్థానం మనదే! 2020లో వచ్చిన రెండో అంచనా ఇంకా పెద్దది. 2000 నుంచి 2019 దాకా ఇరవయ్యేళ్ళలో దేశంలో 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58,000 మంది.

ఆ లెక్కల్లో ఇంకొన్ని సంగతులున్నాయి. పోయినవాళ్ళలో నూటికి 97 మంది పల్లెటూళ్ళ వాళ్ళు. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. నూటికి 77 మంది ఆసుపత్రి బయటే పోయారు.

ఈ మూడూ పక్కపక్కన పెట్టి మా డెల్టాని తలుచుకోండి. జూన్ తర్వాత కాలవలకి నీళ్ళొదులుతారు. దమ్ములు, నారుమళ్ళు, నాట్లు. ఎలక బొరియల్లోకి నీళ్ళు వెళ్తాయి. ఎలకలు గట్ల మీదకీ, ఇళ్ళల్లోకీ వస్తాయి, వాటి వెనకాలే పాములూ వస్తాయి. సరిగ్గా అవే రోజుల్లో మనుషులు కూడా అవే గట్ల మీద, అవే చేలల్లో, వట్టి కాళ్ళతో పొద్దస్తమానం ఉంటారు. ఇందులో సర్పశాపం ఏముంది? ఒకే జాగాలో, ఒకే వేళకి ఇద్దరు పని చేసుకుంటున్నారు, ఒకరి కాలు ఇంకొకరి మీద పడుతోంది.

అంచేత నా మొదటి మాట ఇది: పాము కాటు తలరాత కాదు, పని చేసేచోట జరిగే ప్రమాదం. ఫ్యాక్టరీలో మిషన్‌లో చెయ్యి పడడం లాంటిదే. కాకపోతే ఆ ఫ్యాక్టరీకి పైకప్పు లేదు, గేటు లేదు, సేఫ్టీ ఆఫీసరు అసలే లేడు. మా ఆఫీసులో చూడండి, మూణ్ణెల్లకోసారి ఫైర్ డ్రిల్. ఈల వేస్తూ అందర్నీ మెట్ల మీంచి కిందకి తోలతారు. మణికట్టు నొప్పి రాకుండా మెత్తటి ప్యాడ్, నడుం నొప్పి రాకుండా మూడు లివర్ల కుర్చీ. ఇవన్నీ మంచివే, ఉండాల్సినవే. కానీ మనం ఏసీలో కూర్చుని తినే బియ్యం పండించినావిడ కాలికి ఏముంది? బురద!

ఇక్కడ ఒక మాట ఎప్పుడూ అడ్డొస్తుంది: "కాస్త జాగ్రత్తగా ఉండాలి కదా". ప్రమాదం ఏదైనా సరే, పోయినవాడి మీద మన తీర్పు ఇదే. చూసుకుని నడవొద్దూ? లైటేసుకుని వెళ్ళొద్దూ? నాకు ఈ మాటంటే మహా చిరాకు. నాట్లేసే మనిషి వంగి, వెనక్కి నడుస్తూ, రోజుకి కొన్ని వేలసార్లు బురదలో చెయ్యి పెడుతుంది. ప్రతిసారీ ఆ వేలి చివర ఏముందో చూసుకోవడం మనిషికి సాధ్యమా? మన కోడులో బగ్ రాకూడదంటే డెవలపర్ని జాగ్రత్తగా రాయమని మెయిలు పంపించి వదిలేస్తున్నామా? రివ్యూ పెట్టాం, టెస్టులు పెట్టాం, తప్పు కోడు చెక్-ఇన్ అవకుండా తలుపులు పెట్టాం. మనిషి ఏమరుపాటుగా ఉన్నా ప్రమాదం జరక్కుండా చూసేదే నివారణ. జాగ్రత్తలు చెప్పడం దాని తర్వాతి మాట.

ఇది పుస్తకాల్లో కబురు కాదు. దివిసీమే దీనికి సాక్ష్యం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి మా వైపు ఏ పెద్దాయన్ని అడిగినా చెప్తారు. కనీసం పదివేల మంది పోయారు. 1990 మే నెలలో మళ్ళీ మచిలీపట్నం దగ్గర్లోనే పెద్ద తుపాను తీరం దాటింది. అప్పుడు పోయినవాళ్ళు వెయ్యి లోపు. ఆ పదమూడేళ్ళలో దివిసీమ జనం ఉన్నట్టుండి జాగ్రత్తపరులైపోయారా? లేదు. ముందస్తు హెచ్చరికలు మెరుగుపడ్డాయి, తుపాను షెల్టర్లు కట్టారు, లక్షలాది మందిని ముందే ఖాళీ చేయించారు. సముద్రం అదే, ఊళ్ళు అవే, మారింది ఏర్పాట్లు. సముద్రాన్నే కాచుకోగలిగినవాళ్ళం, మూడడుగుల కట్లపాముని కాచుకోలేమా?

ఆ ఏర్పాట్లు ఎలా ఉండాలో చూడాలంటే కాటుని రెండు రకాలుగా విడగొట్టుకోవాలి - పనిలో పడేది, ఇంట్లో పడేది.

పనిలో ఎక్కువగా ఎదురయ్యేది రక్తపింజరి. చేలల్లో, గట్ల మీద, గడ్డి కింద మట్టి రంగులో కలిసిపోయి కదలకుండా పడుంటుంది. మనిషి దగ్గరికొచ్చినా పక్కకి తప్పుకోదు, కాలు పడితే కరుస్తుంది. దీని విషానికి నెత్తురు గడ్డకట్టే గుణం పోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. దీనికి మందు గమ్‌బూట్లు అని సలహా ఇవ్వడం తేలిక. దమ్ము చేసిన మడిలో గమ్‌బూటు వేసుకుని నాలుగడుగులు వేసి చూడండి, బూటు బురదలో ఉండిపోయి కాలొక్కటే పైకొస్తుంది :-) అందుకని బూట్లు నాట్ల పనికి కుదరవు. కానీ గట్ల మీద తిరిగేటప్పుడు, కోతలప్పుడు, మినప కుప్పలు ఎత్తేటప్పుడు, గడ్డివాము పీకేటప్పుడు కుదురుతాయి. చేత్తో ఎత్తే ముందు కర్రతో కదపడం కుదురుతుంది. ఇంతకన్నా మంచిది రాత్రిపూట గట్టు ఎక్కాల్సిన పనే లేకుండా చెయ్యడం. కాలవ నీళ్ళకి వంతులు పెట్టినప్పుడు అర్ధరాత్రి వంతు వచ్చిన రైతు అర్ధరాత్రే వెళ్ళి మడవ తియ్యాలి. వెళ్ళకపోతే పంట పోతుంది. ఆ రైతుకి జాగ్రత్త చెప్పడం ఎందుకు, వంతుల పట్టిక వేసేవాళ్ళకి చెప్పాలి గానీ! పగటి వంతులు ఎంత పెంచగలిగితే అన్ని కాళ్ళు చీకట్లో గట్టు ఎక్కకుండా ఆగుతాయి.

ఇంట్లో కాటు వెయ్యడంలో పేరుమోసింది కట్లపాము. ఇది రాత్రి తిరిగే పాము. వానాకాలం ఉక్కబోతకి వసారాలో చాప పరుచుకుని నేల మీద పడుకున్న మనిషి పక్కలోకి వస్తుంది. దీని కాటుకి పెద్దగా నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. చీమో దోమో కుట్టిందనుకుని మళ్ళీ పడుకుంటారు. తెల్లారేసరికి కడుపులో నొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, ఆ తర్వాత ఊపిరి ఆడకపోవడం. దీనికి అడ్డుకట్ట ఎంత చవకో తెలుసా? ఒక మంచం, ఒక దోమతెర. తెర అంచుల్ని పరుపు కిందకి దోపాలి, అంతే. నేపాల్ తరాయి ప్రాంతంలో చేసిన అధ్యయనంలో దోమతెర వాడేవాళ్ళకి పాము కాటు ముప్పు బాగా తగ్గిపోయినట్టు తేలింది. దోమలకి ఎలాగూ పనికొస్తుంది. ఒక పాచ్‌తో రెండు బగ్గులు!

వీటికి తోడు ఇంటి చుట్టూ చేసేవి ఉన్నాయి. కట్టెల మోపు, పిడకల గూడు, ఇటికల గుట్ట ఇంటి గోడకి ఆనించి పెట్టకూడదు. ధాన్యం బస్తాలు ఎలకలకి అందకుండా చూసుకోవాలి. ఎలక లేని ఇంటికి పాముకి పనేముంది? అన్నట్టు, కనపడిన జెర్రిపోతునల్లా కొట్టి చంపడం మన ఊళ్ళల్లో పెద్ద వీరత్వం. విషం లేని ఆ పాము ఊరికే ఎలకల్ని పట్టిపెడుతోంది. దాన్ని చంపి, ఎలకల మందు కొనుక్కోవడానికి బజారుకెళ్తాం.

ఇంత చేసినా కొన్ని కాట్లు పడతాయి. అప్పుడు ప్రాణం నిలిపేది సమయం ఒక్కటే. ఇక్కడే మంత్రగాళ్ళు అడ్డొస్తారు.

మంత్రంతో బతికినవాణ్ణి కళ్ళారా చూశామంటారు మావాళ్ళు. నిజమే, చూసే ఉంటారు. కానీ లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏడాదికి ప్రపంచంలో సుమారు 54 లక్షల పాము కాట్లు పడితే, ఒంట్లోకి విషం ఎక్కేది 18 నుంచి 27 లక్షల మందికి. అంటే సగానికి పైగా కాట్లలో విషమే ఎక్కదు. కరిచింది విషం లేని పామైనా కావచ్చు, విషప్పాము విషం వదలకుండా కరిచిందైనా కావచ్చు. అంటే మంత్రగాడు ఏమీ చెయ్యకుండా చేతులు కట్టుకుని కూర్చున్నా అతని దగ్గరకొచ్చినవాళ్ళలో ఎక్కువమంది బతుకుతారు! టెస్టు రాయకపోయినా సగం కోడు ఆడుతుంది కదా, అలాగన్నమాట. విషం ఎక్కినవాడు అక్కడ కూర్చున్న రెండు గంటలూ ప్రాణం మీదకి తెస్తాయి.

కాలికి తాడు బిగించి కట్టడం, గాటు దగ్గర బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం... సినిమాల్లో చూసి నేర్చుకున్న ఇవేవీ చెయ్యకూడదు. బిగించి కడితే నెత్తురాడక కాలే పోవచ్చు. రక్తపింజరి కరిచినవాడికి నెత్తురు గడ్డకట్టదు, మళ్ళీ కోతలు కూడానా? చెయ్యాల్సింది కొంచెమే. మనిషికి ధైర్యం చెప్పాలి, ఉంగరాలు, పట్టీలు తీసెయ్యాలి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టాలి, నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. పాముని వెతికి చంపి సంచిలో వేసుకుని వెళ్ళక్కర్లేదు. మన దగ్గర దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి - నాలుగింటికీ కలిపి తయారుచేసింది. నెత్తురు గడ్డకడుతోందో లేదో శుభ్రమైన గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు ఆగితే తెలిసిపోతుంది. ఈ పరీక్షకి పెద్ద ల్యాబు కూడా అవసరం లేదు.

మరి ఎలా చేర్చాలి? 2005 నుంచి 108 ఉంది. కానీ లంక గ్రామాల సంగతి వేరు. నాగాయలంక అవతల ఎదురుమొండి దీవి లాంటి చోట్ల తరతరాలుగా రాకపోకలు పడవల మీద, పంటుల మీద. అర్ధరాత్రి కాటు పడితే రేవులో పడవ ఉందా లేదా అన్నదే ప్రాణం. ఇలాంటి చోట నేపాల్ వాళ్ళు చేసిన పని నాకు బాగా నచ్చింది. ఊళ్ళో బైకులున్న కుర్రాళ్ళ జాబితా తయారుచేశారు. కాటు పడగానే వాళ్ళలో ఒకరు రోగిని మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక ఇంకొకరు పట్టుకుని, నేరుగా వైద్యం ఉన్న చోటికి తీసుకెళ్ళడమే ఏర్పాటు. దాంతోపాటు ఊళ్ళో అవగాహన కార్యక్రమాలు. ఫలితం? ఆ ఊళ్ళల్లో విషం ఎక్కినవాళ్ళలో చావులు నూటికి 10.5 నుంచి 0.5కి పడిపోయాయని 2013లో ప్రచురించారు. యాప్ లేదు, స్టార్టప్ లేదు, ఫండింగ్ రౌండు లేదు. బైకు, ఫోను నంబరు, అంతే! మన ఊళ్ళల్లో బైకులకేం కొదవ?

అక్కడికి చేరాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఉండాలి, ఇచ్చే డాక్టరు ఉండాలి. ఈ మందుకి కొందరికి ఒంట్లో తీవ్రమైన రియాక్షన్ వస్తుంది. దానికి విరుగుడు అడ్రినలిన్ పక్కనే సిద్ధంగా ఉంచుకుని ఇవ్వడం పద్ధతి. ఆ ధైర్యం లేనిచోట పెద్దాసుపత్రికి రాసిచ్చి పంపేస్తారు, దారిలో గంట పోతుంది. డాక్టర్ని తిట్టి లాభం లేదు. శిక్షణ, మందు, పక్కన నర్సు - ఈ మూడూ ఇస్తే ఏ డాక్టరైనా వైద్యం చేస్తాడు. అక్కడా మళ్ళీ ఏర్పాట్ల సంగతే.

ఇన్నాళ్ళూ ఈ ఏర్పాట్లు ఎందుకు జరగలేదు అంటే నాకు తోచే జవాబు ఒకటే - లాగ్ లేదు. 2011 అధ్యయనం ప్రకారం అసలు చావులు ఆసుపత్రుల అధికారిక లెక్కకి ముప్ఫై రెట్ల పైనే. ఆసుపత్రికి రాకుండా పోయినవాడు లెక్కలో ఉండడు. లెక్కలో లేనివాడికి బడ్జెట్ ఉండదు. బడ్జెట్ లేకపోతే మందు ఉండదు. మందు లేని ఆసుపత్రికి రోగి రాడు. అదొక ఇన్ఫినిట్ లూప్! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాము కాటుని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది - 2030కల్లా చావులు సగానికి తగ్గించాలని. అదే ఏడాది నవంబరులో, ప్రతి పాము కాటు కేసునీ తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేసే వ్యాధిగా ప్రకటించమని రాష్ట్రాలకి రాసింది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద అడుగు ఇదే. లాగింగ్ ఆన్ చెయ్యకుండా డీబగ్ చేసినవాడు లేడు.

ఈ లెక్క కుటుంబానికీ ముఖ్యమే. ప్రధానమంత్రి సురక్షా బీమా గురించి వినే ఉంటారు. ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకి, ప్రమాదంలో పోతే 2 లక్షలు. పాము కాటు కూడా అందులోకి వస్తుంది. కానీ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళిన రికార్డు ఉండాలి. అంటే మంత్రగాడి అరుగు మీద పోయినవాడి కుటుంబానికి మనిషీ దక్కడు, బీమా చేతికందడమూ కష్టమే. కౌలు రైతు, కూలి మనిషి ఇంట్లో ఈ 2 లక్షలు పిల్లల చదువు ఆగిపోవడానికీ ఆగకపోవడానికీ మధ్య తేడా.

ఇదంతా ఇక్కడ మనకెందుకు అంటారా? గచ్చిబౌలిలోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో కూర్చుని ఇది చదువుతున్నవాళ్ళలో చాలామందికి ఇంకా ఊళ్ళో ఒక ఇల్లు, అందులో ఇద్దరు పెద్దవాళ్ళు, పొలం చేసే ఒక కౌలు రైతు ఉన్నారు. అంచేత మనం చెయ్యగలిగినవి కొన్ని:

1. ఇంట్లో నేల మీద పడుకునే ప్రతివాళ్ళకీ మంచం, దోమతెర. పాలేరుకీ, పనిమనిషికీ కూడా.

2. మన పొలం చేసేవాళ్ళకి మంచి టార్చిలైటు, ఒక జత గమ్‌బూట్లు. కౌలు తీసుకునేటప్పుడు గుర్తొచ్చే మనిషి, వానాకాలం మొదట్లో కూడా గుర్తు రావాలి.

3. అమ్మానాన్నలకీ, పొలం చేసేవాళ్ళకీ సురక్షా బీమా ఉందో లేదో బ్యాంకు పాస్‌బుక్కులో చూడటం. జూన్ 1 నాటికి ఖాతాలో 20 రూపాయలు లేక ఆగిపోయినవి ఎన్నో ఉంటాయి.

4. దగ్గర్లో ఏ ఆసుపత్రిలో పాము కాటు మందు ఉందో వానలకి ముందే అడిగి, ఊళ్ళో బైకులున్న నలుగురి ఫోను నంబర్లతో కలిపి పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించడం. ఒక ఆదివారం పని.

5. నీటి సంఘం, పంచాయతీ సమావేశాల్లో రాత్రి వంతుల సంగతీ, వీధి దీపాల సంగతీ అడిగించడం. ఊరికి పెద్ద గేటు కట్టించడానికి చందాలిచ్చే ఎన్నారైలు, నాలుగు వీధి దీపాలకి ఇస్తే స్వామి ఏమీ అనుకోడు.

ఏడాదికి 58,000 మంది అంటే రోజుకి దాదాపు 160 మంది. ఒక విమానం కూలితే పోయేంతమంది. విమానం కూలితే బ్లాక్ బాక్స్ వెతుకుతాం, కమిటీ వేస్తాం, డిజైను మారుస్తాం. పైలట్ తలరాత అని వదిలెయ్యం. చేలో పోయిన మనిషికీ అదే మర్యాద ఇవ్వమంటున్నాను. మోపిదేవిలో హోమం చెయ్యండి, పుట్టలో పాలు పొయ్యండి. వచ్చేటప్పుడు చల్లపల్లి బజార్లో ఆగి రెండు దోమతెరలు కూడా కొనండి.